కొసలు మాత్రమే విన్న కథ

మా ఆవిడకు వారానికి మూడు రోజులు డయాలసిస్. మంగళ, గురు, శనివారాలు, పొద్దున ఎనిమిదికి మొదలు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఏడాదిన్నరగా నా డైరీలో ఆ రోజుల పేజీలన్నీ ఒకేలా ఉన్నాయి. వెళ్లినప్పటి బరువు, వచ్చినప్పటి బరువు, బీపీ. అంతకు మించి రాయడానికి ఓపిక ఉండదు.

మొదటి రెండు గంటలు ఎలాగో ఓర్చుకుంటుంది. తరువాత కాళ్లు పీకుతాయి. ఇక తీసెయ్యమని గొడవ. రెండుసార్లు నిజంగానే మధ్యలో ఆపించుకుంది. రెండోసారి మరునాటికల్లా ఊపిరాడక ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా చేస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు.

చరోదాలో ఉండే మా అమ్మాయి నా ఫోన్లో పాడ్‌కాస్టుల యాప్ పెట్టింది అప్పుడే. అందులో ఒక తెలుగు సీరియల్ కథ ఉంది. తల్లి వదిలి వెళ్లిన కుట్టుమిషను కోసం అక్కాచెల్లెళ్లు పడే తగువు. అది చెవిలో ఉంటే మా ఆవిడ కదలకుండా పడుకునేది.

"స్ట్రీమింగ్ పెట్టెయ్ నాన్నా, డౌన్‌లోడ్ ఝంఝట్, తలనొప్పి ఎందుకు?" అంది అమ్మాయి. నెట్ ప్యాక్ వేయించుకుని అలాగే చేశాను. కానీ డయాలసిస్ గది ఆసుపత్రి నేలమాళిగలో ఉంది, సిగ్నల్ అందదు. అక్క నోరు తెరిచినప్పుడల్లా కథ ఆగి, తెర మీద చక్రం తిరుగుతూ ఉండేది. అప్పటి నుంచి ఇంట్లో వైఫైతో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుంటున్నాను. నెట్ ప్యాక్ మళ్లీ వేయించలేదు.

ఒకసారి డౌన్‌లోడ్ సగమే దిగింది. ఇది నాకు నచ్చలేదు. ఉక్కు ప్లాంటులో నేను రైలుపట్టాల తనిఖీలో పనిచేశాను. రెండు కొసలూ చూడనిదే పట్టాను పంపేవాణ్ణి కాదు. అందుకని బుధవారం ఆరు ఎపిసోడ్లు దించి, ఒక్కోదాని మొదటి నిమిషం, చివరి నిమిషం విన్నాను. అన్నీ బాగున్నాయని డైరీలో రాసుకున్నాను.

గురువారం సూదులు గుచ్చాక ఫోన్ తెరిస్తే ఒక్క ఎపిసోడూ లేదు.

మెట్లెక్కి వరండాలోకి వెళ్లి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

"చివరిదాకా ప్లే చేసినావా?"

"మొదలూ చివరా మాత్రమే."

"ఆ యాప్‌కి ఏటి తెలుస్తాది నాన్నా! అంతా వినేసినావనుకుని అదే డిలీట్ చేసేసింది. సెట్టింగ్ అలా ఉంది. ఎవరైనా అలా చెక్ చేస్తారేటి?"

కిందికి వచ్చి మా ఆవిడకు ఉన్నమాట చెప్పాను.

"నా కథ మీరు వినేసి, నాకు లేకుండా చేసేసినారు."

"ఆరింటికీ కొసలే విన్నాను."

పదిన్నరకి గొడవ మొదలైంది. "దీదీ, నికాల్ దో" అని హిందీలో నర్సును పిలిచింది, సూదులు తీసెయ్యమని. నర్సు నా వంక చూసింది. నాకు కోపం కూడా రాలేదు. పొద్దున అయిదింటికి లేచిన అలసట, ఏడాదిన్నర అలసట ఒక్కసారే వచ్చి కూర్చున్నట్టుంది.

"చెల్లెలు మిషను రిక్షాలో ఎక్కించుకుని వెళ్లిపోయింది, ఆఖర్లో" అన్నాను.

పిలవడం ఆపింది. "దానికెలా దొరికింది? అక్క చావనైనా చస్తాది గానీ ఇవ్వదు."

"మధ్యలోది నాకు తెలియదు."

"తెలియకపోతే చెప్పకూడదేటి? మొదలూ చివరా ఉన్నాయి కదా."

యాభై ఏళ్లుగా డైరీలో జరిగిందే రాస్తున్నవాణ్ణి. లేనిది అల్లడం చేతకాదు. అయినా అక్కకి జ్వరం తెప్పించాను. చెల్లెలి చేత గంజి కాయించాను. "గంజి కాస్తాదా? చెల్లెలు పక్కింటి నుంచి తెప్పిస్తాది, దానికి పొగరు" అని దిద్దింది. ఆమె చెప్పినట్టే మార్చాను. నా గొంతు ఎండిపోయింది. గోడ గడియారం ప్రకారం ఇంకా నలభై నిమిషాలు ఉంది.

"చెల్లెలికి పెళ్లయిందా?"

"అయింది."

"ఎవరితో?"

ఇక ఆ మనిషిని కూడా నేనే తేవాలి. "నందిని సున్నపురాయి గనుల్లో పనిచేసే ఒకాయనతో."

"మంచోడేనా?"

"మంచోడే. ప్రతిదీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటాడు."

"పాపం, దాని బతుకూ అంతేనన్నమాట" అని కళ్లు మూసుకుంది. "ఆపకండి. చెప్పండి."