లేదన్న మనిషి

ఆ ఇంట్లో దయ్యం ఉందని టైలరు భార్యా కూతురూ అంటారు. అదంతా ఉత్తుత్తి భయమని వీధి వీధంతా నవ్వుతుంది. "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు, ఉన్నదంతా మీ బుర్రల్లోనే!" అని కొట్టిపారేసే టైలరంటే వీధికి మహా గురి. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. ఆ సూది తీయకుండానే ఎంతసేపైనా వాదించగలడు. అలాంటి మనిషి, కుట్టుమిషను ఉన్న వెనకగదిలోకి వెళ్ళేముందు మాత్రం గుమ్మం దగ్గర ఆగి ఒకసారి దగ్గుతాడు. లోపల పెద్దవాళ్ళెవరో ఉన్నప్పుడు, వస్తున్నామని తెలియడానికి దగ్గే దగ్గు అది. ఏమిటని అడిగితే "నూలు దుమ్ము" అంటాడు. గదిలో ఉన్నంతసేపూ ఆ దుమ్ము ఆయన జోలికి రాదు.

తండ్రి బయటికెళ్ళినా మిషను తొక్కుతున్న చప్పుడు వస్తోందని కూతురు తిండి మానేసింది. "మీ పోరు పడలేక" అని విసుక్కుంటూ ఇల్లు మారడానికి ఒప్పుకున్నాడు. సామాను బండికెక్కింది. నలుగురూ చూస్తుండగా ఆఖరికి మిషను కూడా బయటపెట్టించి, ఖాళీ గది తలుపు దగ్గరికి వేస్తూ, ఏ ధ్యాసలో ఉన్నాడో, లోపలికి కాస్త తలవంచి అన్నాడు:

"మరి వెళ్ళొస్తామండీ."

వీధి నవ్వు ఆగిపోయింది. ఎవరికి చెప్పారని భార్య అడగలేదు. ఏడుపు గొంతుతో అంది: "మళ్ళీ వస్తామని ఎందుకన్నారండీ? వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోండి."

ఆయన వాదించలేదు. పెదాల మధ్య సూది తీసి చొక్కాకి గుచ్చుకుని, వెనక్కి నడిచి, గుమ్మం ముందు ఆగాడు.

దగ్గాడు.