కంచె బయట నీళ్ళబండి

మీ ఊళ్ళో వేసవికి చలివేంద్రం పెట్టించిన పెద్దమనిషిని, ఆ కుండల్లో నీళ్ళు ఏ నూతివని మీరెప్పుడైనా అడిగారా? నేను అడిగాను. అడిగితే ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కాలేజీ చదువు ముగించాక, ప్లీడరు పరీక్షకు కూర్చునేలోగా కోర్టు పని కంటితో చూడమని మా నాన్నగారు నన్ను టెక్కలిలో ఒక వకీళ్ళ కచేరీలో చేర్పించారు. బావా బావమరుదులైన ఇద్దరు వకీళ్ళు ఒకే కప్పు కింద నడిపే కచేరీ అది. పలాస రైలు స్టేషను మొదలుకొని సముద్రపు ఒడ్డు ఉద్దానం పల్లెల దాకా, భూమి తగాదా ఏది పుట్టినా ముందు వారి అరుగెక్కవలసిందే. ఇద్దరిలో పెద్దవారు మాకు దూరపు చుట్టం. ఆయనను మావయ్యా అని పిలిచేవాడిని.

చట్టంలో ఆ కచేరీకి ఎంత పేరుందో, దానధర్మాల్లో అంతకు మించిన పేరుండేది. ఎండాకాలం కోర్టు దారిలో మజ్జిగ పోయించేవారు. పేద విద్యార్థులకు వారాల భోజనం ఏర్పాటు చేసేవారు. శనివారం ఎవరు వచ్చి అడిగినా ఉచితంగా సలహా చెప్పేవారు. వకీలన్న మాట వినగానే జనం మొహం చిట్లించే రోజుల్లో ఇలాంటి చోట పని నేర్చుకోవడం నాకు గర్వంగా ఉండేది. న్యాయవాద వృత్తి వల్ల సమాజానికి మేలే జరుగుతున్నదని కాలేజీ వక్తృత్వ సభలో వాదించి గెలిచినవాడిని. నా వాదానికి అప్పట్లో లేని సాక్ష్యం ఇప్పుడు రోజూ కళ్ళెదుట నడుస్తున్నదనుకున్నాను.

అక్కుపల్లి దాపున, ఒడ్డు మీద ఒక చేపలవాళ్ళ పేట ఉంది. అక్కడ ఇసుకలో చెలమ తవ్వితే వానలున్నన్నాళ్ళూ తియ్యటి నీరే ఊరుతుంది. ఎండలు మొదలయ్యాక ఆ నీరు ఉప్పెక్కుతుంది. పేటకు పడమటగా ఉన్న కొబ్బరితోటలో మాత్రం ఏ కాలంలోనూ రుచి మారని నుయ్యి ఒకటుంది. తాతల నాటినుంచి పేట ఆడవాళ్ళు మొగలిపొదల మధ్య కాలిదారిన ఆ తోటకు వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చేవారు. ఏటేటా ఎండలు ముదరకముందే పేట మగవాళ్ళు ఆ నూతిలో దిగి పూడిక తీసేవారు. ఆ రోజున తోట కామందు గుమ్మంలో ఒక బుట్టెడు చేపలు పెట్టేవారు. ఆయన వాళ్ళకు బోండాలు దింపించి ఇచ్చేవాడు. ఎవరూ ఎవరికీ నేర్పని వాడుక అది.

ఒక గాలివానకు ఆ తోటలో సగం చెట్లు నేలకూలాయి. చితికిపోయిన కామందు తోటను సోంపేట వ్యాపారి ఒకరికి అమ్మేసి వెళ్ళిపోయాడు. వ్యాపారి కొత్త మొక్కలు నాటించాడు. నూతి నీళ్ళు తన మొక్కలకే కావాలనుకున్నాడు. చుట్టూ ముళ్ళకంచె వేసి కాలిదారి మూసేయవచ్చునా అని మా కచేరీకి వచ్చి అడిగాడు. వేయవచ్చునని మావయ్య చెప్పారు. కంచె పడింది.

పేట దాహంతో అల్లాడుతున్నదన్న కబురు కొద్ది రోజుల్లోనే టెక్కలి చేరింది. మావయ్య నిజంగానే నొచ్చుకున్నారు. ఆ నొప్పి నటన అని నేను ఈనాటికీ అనను. వెంటనే కచేరీ తరఫున ఒక ఎడ్లబండి కట్టించి, దాని మీద కాగులు పెట్టించి, వ్యాపారితో మాట్లాడి అదే నూతిలో నీళ్ళు నింపించి, కంచె బయట పేటవాళ్ళకు పంచే ఏర్పాటు చేశారు. తొలిరోజు పంపకం సక్రమంగా జరిగేలా చూడమని నన్ను పంపారు.

బండి చుట్టూ ఆడవాళ్ళు కడవలతో మూగారు. వారిలో ఎండుచేపలు అమ్ముకునే ఒక ముసలామె కాగులోకి తొంగిచూసి బండివాణ్ణి అడిగింది.

"ఒరే, ఈ నీల్లు మా నూతివే కదేటి?"

"తాగి సూడవే అప్పా. నాలిక్కి తెలీదేటి?"

"తెలిసే అడగతన్నాన్రా. పెల్లయి ఒచ్చినకాడ్నించీ తాగినాను. ఇన్నాల్లూ నానే దానికాడికి ఎల్లీదాన్ని. ఇప్పుడది బండెక్కి నాకాడికొచ్చింది. నూతికి ఎంత దర్జా పట్టిందే, ఓలమ్మా!"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. తర్వాత ఆమె నా వైపు తిరిగి, నవ్వు ఆపుకుని, రెండు చేతులూ జోడించింది. "తప్పుగా అనుకోకు బావూ. వకీలు బావుకి సెప్పు, సల్లగుండాలని."

ఆ నమస్కారాన్ని మోసుకుని తిరిగి వచ్చాను. ఆ సాయంత్రం అరుగు మీద మావయ్యను అడిగాను.

"మావయ్యా, కంచె తీయిస్తే బండితో పనే ఉండదు కదా?"

"కంచె కక్షిదారుది. బండి నాది. ఆయన ఆస్తి మీద నాకేటి అధికారం?"

"కంచె వేయవచ్చని చెప్పింది మీరే."

"చట్టం అడిగినవాడికి చట్టం చెప్పడం నా వృత్తి. దాహమైనవాడికి నీళ్ళివ్వడం నా ధర్మం. నీ కాలేజీ తర్కంతో రెంటినీ కలిపి పిసక్కు. అది సరే గాని, ఆ పేటకి నువ్వు ఒక్క చెంబుడు నీళ్ళు పోసినావురా ఎప్పుడైనా?"

గుమాస్తాలు నవ్వారు. ఎదుటివాడు ప్రశ్నను వదిలి ప్రశ్నించినవాణ్ణి పట్టుకుంటే వాదంలో ఓడినట్టని మాకు కాలేజీలో నేర్పారు. సభలో అయితే అధ్యక్షుడు గంట కొట్టేవాడు. ఆ అరుగు మీద అధ్యక్షుడూ ఆయనే.

పేటవాళ్ళు నీళ్ళు పట్టుకుంటూనే దారి కోసం దావా వేయాలనుకున్నారు. సలహాకు ఎక్కడికి వెళ్ళారనుకుంటున్నారు? శనివారం మా అరుగుకే వచ్చారు. కంచె వేసినవాడు తమ కక్షిదారని, అందుచేత ఈ వ్యాజ్యం తాము పట్టకూడదని మావయ్య దాపరికం లేకుండా చెప్పారు. చెప్పి, జాలిపడి, సోంపేటలో వారి దగ్గరే పని నేర్చుకున్న ఒక కుర్ర వకీలును ఫీజు లేకుండా వాళ్ళకు కుదిర్చిపెట్టారు. ఇందులో కుట్ర ఉన్నదని నేను అనడం లేదు. కుట్ర అవసరమే పడలేదు.

ఆ వ్యాజ్యంలో చట్టం చెప్పేది చిన్న మాట. పరుల నేలలోని దారినైనా నూతినైనా, ఎవరి అనుమతీ కోరకుండా, బాహాటంగా, ఏళ్ళ తరబడి వాడుకుంటే అది హక్కవుతుంది. అడిగి వాడుకుంటే, ఎన్ని తరాలు వాడుకున్నా అది ఇచ్చినవాడి దయగానే మిగిలిపోతుంది.

సోంపేట మునసబు కోర్టులో పేట తరఫున ముసలామె బోనెక్కింది. కొత్త కోడలుగా వచ్చిన నాటినుంచి ఆ నూతి నీళ్ళు తెచ్చుకున్నానని తడుముకోకుండా చెప్పింది. వ్యాపారి తరఫున క్రాసు ప్రశ్నలకు మావయ్య లేచారు. గొంతు పెంచలేదు. ఇంటి పెద్దావిడతో మాట్లాడినట్టే మొదలుపెట్టారు.

"అప్పా, నన్నెరుగుదువా?"

"ఎరక్కేటి బావూ! తమరి బండి నీల్లే కదా తాగతన్నాం."

"పూడిక తీసిన రోజున కామందుకి చేపలెందుకిచ్చేవారు?"

"ఎందుకేటి బావూ! పెద్దమనిసి గుమ్మంలోకి ఉత్తి సేతుల్తో ఎల్తామేటి? మరేద."

"నీళ్ళకి వెళ్ళినప్పుడు ఆయన తోటలో ఉంటే ఏమనేవారు?"

"బావూ, నీల్లు తోడుకుంతాం అనీవోల్లం."

"అంటే అడిగేవారన్నమాట."

"అడక్కండా ఎలాగ? ఎదురుగా మనిసి కూకుంతే గొడ్డునాగ ఎలిపోతామేటి?"

కోర్టు హాలంతా నవ్వింది. మునసబుగారు కూడా నవ్వి, తలవంచి రాసుకున్నారు.

"ఆయన వద్దంటే?"

"ఆ బావెందుకంతాడు? దరమపెబువు."

"మరిప్పుడు మీ పేటకు నీళ్ళు ఎవరి దయ?"

"ఇంకెవరి దయ? తమ దయే బావూ."

ఆమె బోనులోంచి చేతులు జోడించింది. మావయ్య కూడా జోడించి కూర్చున్నారు. చేపల బుట్టలాగే ఆ పలకరింపూ మర్యాదకే గాని అనుమతి కోరడం కాదని ఆమె చేతనే చెప్పించడానికి కుర్ర వకీలుకు ఒక్క ప్రశ్న చాలు. అతడు తన గురువుగారి వైపు ఒకసారి చూశాడు. అడిగేది ఏమీ లేదని మునసబుగారికి విన్నవించాడు.

తీర్పులో ఆ చేపలు అనుమతికి గుర్తయ్యాయి. నీళ్ళు తోడుకుంటామన్న పలకరింపు అనుమతి కోరడమయింది. ప్రతివాది తరఫు పెద్దల ఔదార్యం వల్ల పేటకు నీటి ఇబ్బంది కూడా లేదని మునసబుగారు ప్రశంసాపూర్వకంగా రాశారు. దావా కొట్టివేశారు.

బయట చింతచెట్టు నీడలో ముసలామె నన్ను ఆపింది. "గెలిసినామా బావూ?"

లేదన్నాను. ఎందుకు లేదో, చట్టం ఏమి కోరుతుందో, ఆమె చెప్పినది ఏమైందో నాకు చేతనైనంత తేలిక మాటల్లో వివరించాను. ఆమె చివరిదాకా విన్నది.

"అయితే ఏటి బావూ, మరేద నేకండా బతకాల్సిందంతావా?"

నేను ఎక్కిన ఏ సభలోనూ అంతటి ప్రశ్న వినలేదు.

తొలకరి పడగానే బండి ఆగిపోయింది. తర్వాతి వేసవిలో అది కదలలేదు. చెలమలు ఉప్పెక్కాక ముసలామె అంత దూరమూ నడిచి టెక్కలి వచ్చి, అరుగు కింద నిలబడింది. కచేరీ గుమాస్తా లోపలినుంచే కేకేశాడు.

"ఈ యేడు దరమం పలాస సత్రానికి మళ్ళించినార్లే అప్పా! వచ్చే యేడు సూద్దాం."

"వచ్చే యేడుదాకా ఏటి తాగమంతావు నాయినా?"

మావయ్య లోపల సత్రం శంకుస్థాపన సభకు ఆహ్వానాలు దిద్దుతున్నారు. వక్తృత్వంలో అనుభవమున్నవాడినని ఆ సభలో దాతలను కొనియాడే ప్రసంగం నాకు అప్పగించారు. పేట నూతి గురించే మాట్లాడతానన్నాను. అయితే నువ్వు మాట్లాడనక్కర్లేదన్నారు. మర్నాటినుంచి నేను ఆ కచేరీకి వెళ్ళలేదు. సభ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. సత్రం గోడకు రాయి అతికించారు. దాని మీద పేర్లు ఇప్పుడూ స్పష్టంగానే కనిపిస్తాయి.

పేట ఆడవాళ్ళు ఇప్పుడు ఎండాకాలమంతా వేరే ఊరి దాకా వెళ్ళి, వాకిలి వాకిలికీ బతిమాలి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. కంచె అలాగే ఉంది. తోట కాపలావాడు వాళ్ళను చూస్తే కర్ర తీస్తాడు. మీలాంటి, నాలాంటి చొక్కా తొడిగినవాణ్ణి చూస్తే లేచి నిలబడతాడు. ఇది చదువుతున్న మీరు ఆ రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవారే అయి ఉండవచ్చు. మిమ్మల్ని చందా అడగను, బండి కట్టించమని కూడా అడగను. ఈ వేసవిలో ఒక్కసారి ఆ పేటకు వెళ్ళండి. ఆడవాళ్ళను వెంటబెట్టుకుని కంచె దాటండి. వాళ్ళ కడవలతో ఆ నూతిలో నీళ్ళు తోడండి. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా తోడండి. కాపలావాడు ఎదురుగా కూర్చున్నా సరే, దయచేసి ఎవరినీ అడగకండి.