పదహారు కోర్లు వద్దన్న మా బామ్మర్ది

మా బామ్మర్ది పోయిండని ఫోన్ వచ్చేటాలకు నేను మగ్గం మీద ఉన్న. పొద్దుగాల పదకొండు గంటలైతుండొచ్చు. మా ఇంటామె ఫోన్ పట్టుకొచ్చి నా చెవి కాడ పెట్టింది. అటుదిక్కు బామ్మర్ది బిడ్డ ఏడుస్తాంది. "మామా, నాయిన షాపుల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిపోయిండు" అన్నది.

ఆ మాట విన్నంక గూడ నేను ఇంకో నాలుగు పోగులు ఏసిన. చెయ్యి దాని పని అది చేసుకుంట పోయింది. పోగును అటిటు మోసే నాడె ఆగినంకనే నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. జరిగింది జరిగినట్టు చెప్తున్న.

ఆత్మకూర్ దిక్కు నుంచి జడ్చర్లకు బస్సులు మారి పోయేటాలకు రెండు గొట్టింది. వాన్ని ఇంటి ముందల పండవెట్టిండ్రు. నేను పోయి నొసటి మీద చెయ్యి పెట్టిన. అరచెయ్యి కాదు, చెయ్యి వెనకదిక్కు. వాడు బాగుచేసే కంప్యూటర్లకు గట్లనే పెట్టి చూస్తుండె, జరం వచ్చినోన్ని చూసినట్టు. "యాడ కాలుతాందో అరచేతికి తెల్వదు బావా, వెనకదిక్కుకు తెలుస్తది" అంటుండె. నా చేతికి చల్లగ తగిలింది.

వాడు అనే రాస్తున్న. నాకన్న పన్నెండేండ్లు చిన్నోడు, నా పెండ్లాం తమ్ముడు. బతికినన్ని దినాలు వాడు అని, పోయినంక ఆయన అంటే వాడే నవ్వుతడు.

మా పెండ్లైన కొన్నేండ్లకు మగ్గం నేర్చుకుంటనని మా ఇంటికి వచ్చిండు. అప్పటికే మీసాలొచ్చినోడు. మూడేండ్లు నేర్పిన. అడ్డం పోగు, అదే పేక, వేసి దాన్ని బిగిచ్చే అచ్చు కొట్టేటప్పుడు దెబ్బ ఒక్కతీరు పడాలె. వానిది ఒక దెబ్బ గట్టిగ, ఒక దెబ్బ మెల్లగ. బట్టను ఎండకు పట్టి చూస్తే ఒకకాడ దట్టం, ఒకకాడ పల్చన. మూడో ఏడు ఒక చీర గట్లనే పాడు చేసిండు. నేను వాన్ని మగ్గం గుంతల నుంచి లేపి, వాళ్ల అక్క ముందలనే అన్న: "నీ చేతుల మగ్గం లేదు. ఇంకేమన్న చూసుకో."

వాడు సంచి సదురుకున్నడు. పోయేటప్పుడు ఒక్కటే అడిగిండు. నిలువు పోగుల పడుగుకు గంజి పట్టిచ్చేటప్పుడు పోగులు సాపు చేసే పెద్ద కుంచె ఉంటది మా తాన. దాంట్ల నుంచి ఇరిగిన ముక్క ఒకటి మూలకు పడి ఉండె. "గిది తీసుకపోనా బావా?" అన్నడు. తీసుకపో అన్న. అదేం చేసుకుంటడో నాకు సమజ్ కాలే.

జడ్చర్లల ముందుగాల రేడియోలు బాగు చేసిండు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. బస్టాండు ఎనుక చిన్న జాగా కిరాయికి తీసుకొని షాపు పెట్టిండు. నేను ఎప్పుడన్న పోతే బల్ల పక్కన స్టూలు ఏసి కూసోవెడుతుండె. మిషిన్ డబ్బా ఇప్పంగనే కుంచె ముక్క తీసి దుమ్ము దులుపుతుండె. అప్పుడు తెలిసింది నాకు, ఆ ముక్క దేనికో. దుమ్ము దులిపేటప్పుడు మాత్రం వాని చెయ్యి ఒక్కతీరు పోతుండె. ఆ మాట నేను వానితోని అనలే.

షాపుకు వచ్చినోళ్లంత ఒక్కటే అడుగుతుండ్రి, "ఎన్ని కోర్లది ఉన్నది?" అని. కంప్యూటర్ల లెక్కలన్ని చేసే బిళ్ల ఒకటి ఉంటది, ప్రాసెసర్ అంటరు. దాంట్ల పని చేసేటోళ్ల లెక్క కోర్లుంటయి. నాలుగుండొచ్చు, ఆరుండొచ్చు, పదహారుండొచ్చు. వాడు మాత్రం ఎన్నని చెప్పకపోతుండె. "కోర్ల ముచ్చట తర్వాత. నీ పనేందో చెప్పు ముందుగాల" అంటుండె.

ఒకాయన కొడుకును ఎంటవెట్టుకొని వచ్చి, "మావోని చదువుకు మంచిది, పెద్దది ఇయ్యి" అన్నడు.

"చదువుతడా, ఆటలాడ్తడా?"

"చదువుకే."

వాడు ఆ పోరన్ని చూసిండు. "నిజం చెప్పు నాయినా. చదివేటోనికి, ఆడేటోనికి ఒక్క మిషిన్ రాదు."

పోరడు తల కిందికేసిండు. తండ్రి నవ్విండు. "అయితే ఆటలదే ఇయ్యి, ఎట్లయిన ఆడుడు ఆపడు" అన్నడు. బిల్లులు రాసుకునేటోనికి బామ్మర్ది పెద్ద మిషిన్ అంటగట్టకపోతుండె. "నీకు నాలుగు కోర్లు బొచ్చెడు" అని తోలిస్తుండె. గందుకే వాని షాపు పెద్దగ కాలే. కాని ఒకసారి వచ్చినోడు ఇంకో షాపు మెట్టు ఎక్కలే.

ఇగ అసలు సంగతికి వస్త. రాష్ట్రం వచ్చినంక కొన్నేండ్లకు మా చేనేత సంఘం ఒక కంప్యూటర్ కొనాలె అనుకున్నది. ముందుగాల చీర డిజైన్ గళ్ల కాయితం మీద గీసి, దాన్ని చూసి మగ్గం మీద పోగులను లేపే అట్టలకు రంధ్రాలు కొట్టేది. ఒక్క కొంగు గీసెటందుకు నెల పట్టేది. మా సంఘంల చదువుకున్న ఒక ఆడపిల్ల ఉన్నది, నేసేటోళ్ల మనుమరాలే. ఆ పని కంప్యూటర్ల నేర్చుకొని వచ్చింది. మిషిన్ ఒక్కటి ఇప్పియ్యుండ్రి, నేను గీస్త అన్నది. సంఘంల నేను పెద్దమనిషిని. చదువు అంతంత మాత్రమే, కాని నా మాట దాటి ఎవడు పోడు.

మా బామ్మర్దిని పిలిచినం. మిషిన్ల వివరం రాసిన రెండు చీటీలు తెచ్చిండు. ఒకటి ఆరు కోర్లది. ఇంకోటి పదహారు కోర్లది. ధర కొంచెం అటిటు అంతే. వాడు ఆరు కోర్లదే తీసుకోమన్నడు.

"పదహారు వదిలి ఆరు ఎవడన్న కొంటడా?" అన్న నేను.

"ఆ ఆరిట్ల ఒక్కొక్కటి చురుకు, బావా. ఈ పదహారు ఒక్కొక్కటి నిదానం. ఈ పిల్ల చేసే డిజైన్ పని పంచుకునే పని కాదు, ఒక్కడే చెయ్యాలె. ఆ ఒక్కడు చురుకైనోడు కావాలె."

నాకు తలకెక్కలే. నాకు ఆరుగుర్ని అంటగట్టి సంఘాన్ని చిన్నగ చేస్తుండనిపించింది. నలుగురి ముందల నాకు ఎదురు చెప్తుండని కోపం గూడ ఉండె. అప్పుడు నేనన్న మాట ఇది: "మగ్గం మీద మూడేండ్లు నిలవలేనోడు మగ్గానికి ఏం గావాల్నో చెప్తుండు, ఇనుండ్రి."

అందరు నవ్విండ్రు. వాడు గూడ నవ్విండు. తల కిందికేసి, ఆ ఆరు కోర్ల చీటీని నాలుగు మడతలు పెట్టి, అంగీ జేబుల ఏసుకున్నడు. అన్నం గూడ తినకుండ బస్సెక్కిండు.

పదహారు కోర్లది హైదరాబాద్ నుంచి తెప్పిచ్చినం. కొబ్బరికాయ కొట్టినం. నెల తిరగకముందే తెలిసొచ్చింది. పెండ్లి చీర డిజైన్, చీర ఒడలు నిండ పూల బుటాలు. ఆ పిల్ల మౌసు నొక్కితే తెర మీద గిర్ర తిరుగుడే. చాయ్ తాగి వచ్చినా తిరుగుతనే ఉంటది. మా తాన కొనే షావుకారు దసరాకు చీరలు కావాలన్నడు, లేకుంటె ఆ పని వేరే ఊరోళ్లకు ఇస్తనన్నడు. అట్టలు కొట్టాల్నంటె ముందుగాల డిజైన్ రావాలె గద.

"ఏమైందే దీనికి?" అని అడిగిన.

ఆ పిల్ల తెర మీద ఏదో తెరిచి చూపిచ్చింది. పదహారు చిన్న చిన్న డబ్బాలు. ఒక్కదాంట్ల గీత పైకెక్కి కొట్టుకుంటాంది. మిగిలినయి అడుగున సాపుగ పండుకున్నయి.

"ఒక్కటే ఉరుకుతాంది తాతా. పదిహేను కూసున్నయి."

"కూసున్నోళ్లను గూడ లేపు మల్ల."

"లేవయి తాతా. ఈ పని ఒక్కదాని మీదనే నడుస్తది. ఆ ఒక్కటేమో నిదానం."

నేను ఆ డబ్బాలను చూసుకుంట నిలవడ్డ. మా గల్లీల ఒకప్పుడు పదహారు మగ్గాలు ఆడుతుండె. ఇప్పుడు ఆడేది నాదొక్కటే, అది గూడ నిదానం. మా గల్లీని ఎవరో బొమ్మ గీసినట్టే ఉండె.

బామ్మర్దికి ఫోన్ చేద్దామంటె చెయ్యి రాలే. ఎట్ల చేస్త? అంత మాట అన్నంక. నేను చెయ్యలే, మా ఇంటామె చేసింది. నాకు తెల్వకుండ.

నాలుగో నాడు వాడు ఆటోల ఇంకో మిషిన్ పెట్టుకొని దిగిండు. జడ్చర్లల పెండ్లి వీడియోలు తయారు చేసేటోడు ఒకడున్నడట. ఆ పనిని ముక్కలు ముక్కలు చేసి పదహారు కోర్లు పంచుకుంటయట. మాది వానికిచ్చి, వాని ఆరు కోర్లది మాకు తెచ్చిండు. అటుది ఇటు, ఇటుది అటు. సంఘంల అందరు జమైండ్రు. "ఎందుకు మార్చినవు?" అని ఒకడు అడిగిండు.

మా బామ్మర్ది నా దిక్కు చూడకుంట అన్నడు: "బావనే ఫోన్ చేసిండు. పనికి కుదుర్తలేదు, మార్పియ్యి అన్నడు. నడిపిచ్చి చూసి కనిపెట్టిండు. నాకేమెరుక, నేను తెచ్చుడు వరకే."

అందరు నన్ను చూసిండ్రు. "పెద్దమనిషంటె గిట్లుండాలె" అని చప్పట్లు కొట్టిండ్రు. వాడు గూడ దర్వాజ కాడ నిలవడి కొట్టిండు, అందరికన్న గట్టిగ.

అది అబద్ధం. ఆ ఫోన్ నేను చెయ్యలే. ఆ ఉపాయం నాది కాదు. అప్పుడే చెప్పాల్సి ఉండె. నేను తల ఊపిన.

ఆ పగటిపూట ఇంట్ల అన్నం తిన్నంక నేను మగ్గం గుంతల దిగిన. వాడు వచ్చి పక్కన కూసున్నడు.

"ఎందుకు నడువలే రా పదహారుంటె?" అని మెల్లగ అడిగిన.

"బావా, ఈ చీర తొందరగ దిగాల్నంటె దీని మీద ఎంతమందిని కూసోవెడ్తవు?"

"ఎంతమంది ఏంది? ఒక్కడే."

"పదిమంది ఉన్నరనుకో?"

"ఉంటేంది? ఈ పోగు పడ్డంకనే గద దాని పక్క పోగు పడేది. పదిమంది చూసుకుంట కూసోవాలె."

"మరి నూలు కండెలు చుట్టాల్నంటె?"

"ఎంతమందికి అంతమంది చుట్టొచ్చు."

"గంతే బావా. పెండ్లి వీడియో కండెలు చుట్టుడు. మన పిల్ల డిజైన్ చీర నేసుడు."

నాకు సమజైంది. "నువ్వు నాకు మగ్గం నేర్పుతున్నవా రా?" అన్న.

"నీ తాననే నేర్చుకున్న. మూడేండ్లల్ల ఇదొక్కటే వచ్చింది" అన్నడు.

అప్పుడే మా ఇంటామె చాయ్ తెచ్చింది. వాడు గిలాస అందుకుంట, "బావా, నీ ఇంట్ల గూడ కోర్లు మస్తున్నయి గని ఉరికేది మా అక్క ఒక్కతే" అన్నడు. ఆమె నవ్వుకుంట లోపలికి పోయింది. నేను తిట్టిన. ఆ తిట్టుకు వాడు ఇంకింత నవ్విండు.

ఆ మిషిన్ ఇయ్యాల్టికి నడుస్తాంది. ఆరు నెలలకోసారి వాడే వచ్చి దుమ్ము దులిపి పోతుండె. వచ్చిన ప్రతిసారి నేను అనుకుంటుంటి, ఈసారి నలుగురిల చెప్పాలె, వాని పేరు వానికియ్యాలె అని. మొన్న వానల ముందల వచ్చినప్పుడైతే మాటలు గూడ జమ చేసుకొని పెట్టుకున్న. సంఘంల ఎనమండుగురు ఉన్నరు. వాడు కింద కూసొని డబ్బా ఇప్పి కుంచె ఆడిస్తుండు. నేను గొంతు సదురుకున్న. వాడు తల ఎత్తి నన్ను చూసిండు. నేను ఏం అనబోతున్ననో వానికి ఎరుకైందో ఏమో, "చాయ్ తాగుదమా బావా?" అన్నడు. "తాగుదం పా" అన్న. గంతే.

వాడు పోయిన పదకొండో నాడు వాని బిడ్డ ఆ కుంచె ముక్క తెచ్చి నా చేతుల పెట్టింది. "షాపుల ఇదొక్కటి మాత్రం మీ ఇంటి వస్తువు అని నాయిన ఎప్పుడు అంటుండె మామా" అన్నది.

మా సంఘంల వాని కోసం సంతాప సభ పెట్టిండ్రు. మంచిగనే మాట్లాడిండ్రు. "బావ తెలివి, బామ్మర్ది చేతిపని, రెండు కలిసి సంఘాన్ని నిలవెట్టినయి" అన్నరు. నన్ను లేచి రెండు మాటలు చెప్పమన్నరు. లేచిన. నోట్ల నుంచి ఒక్క మాట రాలే. దుఃఖమనుకున్నరు అందరు. కొంత దుఃఖమే. కొంత కాదు.

గందుకే వాని యాదిల సంఘం వేసే పుస్తకంల రాయమంటె ఒప్పుకున్న. అక్షరం అక్షరం కూడబెట్టుకొని నాలుగు దినాలు రాసిన. తెలివి వానిదే. చేతిపని వానిదే. ఫోన్ చేసింది వాళ్ల అక్క. నాదంటు ఉన్నది, నలుగురిల వాన్ని చిన్నగ చేసిన ఆ ఒక్క మాట.

ఈ కాయితాలను డిజైన్ పిల్ల ఆ మిషిన్ల కొడుతాంది. నేను పక్కన కూసున్న. 'అది అబద్ధం' అని రాసిన కాడికి రాంగనే దాని వేళ్లు ఆగినయి. నా మొకం చూసింది.

"తాతా, గిది గూడ పెట్టాల్నా?"

"పెట్టు బిడ్డా."

అది మల్ల కొట్టవట్టింది. నేను డబ్బా ఎనుకకు పోయి, కుంచె ముక్క తీసి, జాలీల దుమ్ము దులిపిన. మెల్లగ, ఒక్కతీరు. లోపల ఫ్యాను తిరుగుతాంది. దాని ముందల చెయ్యి పెట్టిన, చెయ్యి వెనకదిక్కు. వెచ్చగ తగిలింది. చానాసేపు చెయ్యి తియ్యలే.