నా బిడ్డకు మాట పెట్టిన టీచరక్క

చెల్పూర్ అంగన్‌వాడీ ఆయమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. "అక్కా, టీచరమ్మ పోయింది. తెల్లారంగ ఛాతిల నొప్పన్నదట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అని ఏడ్చింది. మహబూబాబాద్‌ల మా అద్దె ఇంట్ల కుట్టుమిషన్ ముందర నేను కూసోని ఉన్న. కాలు పెడలు మీదనే ఉన్నది గని కదలలేదు.

అంజలికి చెప్పాలె. నా బిడ్డకు పుట్టుకతోనే వినబడదు. ఆపరేషన్ చేసి తలల పెట్టిన యంత్రంతోని, చెవి వెనకాల తగిలించుకునే చిన్న పరికరంతోని వింటది. వెనక నుంచో, పక్క గదిల నుంచో చెప్తే సగమే అందుతది. ఏ మాటైనా ఎదురుంగ కూసోని, మొఖం చూపించి చెప్పాలె. వేరే ఏ తల్లైనా తల పక్కకు తిప్పుకోని చెప్పే మాటను నేను దాని కండ్లల్లకు చూసుకుంట చెప్పిన. "టీచరమ్మ చనిపోయింది." అది నా పెదవులనే చూసింది. "మళ్లీ చెప్పు" అన్నది. మళ్లీ చెప్పిన.

మాది బయ్యారం దగ్గర లంబాడ తండా. పెండ్లైనంక మా ఆయనకు చెల్పూర్ కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు పని దొరికితే అక్కడికి పోయినం. మా మాట మాట్లాడేటోళ్లు ఆ గల్లీల ఒక్కరు లేరు. అంగన్‌వాడీకి అంజలిని ఎత్తుకోని పోయిన మొదటి రోజు టీచరమ్మ దాన్ని నా సంకల నుంచి తీసుకోని, తన పర్సుల నుంచి దువ్వెన తీసి, తల దువ్వి, అప్పుడు పేరడిగింది. ఆమె పర్సుల డబ్బులుండేటియో లేవో గని దువ్వెన మాత్రం ఉండేది. మా అమ్మ ఈడు మనిషి. అయినా నాతోని అక్క అనే పిలిపించుకున్నది. "అమ్మ అంటే మీ అమ్మ ఊకోదు. అక్క అను" అనేది.

పగటి అన్నం ముందు ఆమె గంటెతోని పళ్లెం మీద కొట్టేది. పిల్లలంతా ఉరికొచ్చేటోళ్లు. అంజలి కూడా వచ్చేది, కాకపోతే అందరు లేసినంక, వాళ్లను చూసి. ఇది ఆమె ఎన్ని రోజులు గమనించిందో నాకు తెల్వదు. ఒకనాడు సాయంత్రం మా ఇంటికొచ్చి "చాయ్ పొయ్యవా?" అని కింద కూసున్నది. అంజలి మాకు వీపు పెట్టి సీసా మూతలతోని ఆడుకుంటున్నది. అక్క చాయ్ తాగి, పక్కకున్న స్టీలు పళ్లాన్ని ఎత్తి బండల మీద పడేసింది. నేను ఉలిక్కిపడ్డ. బిడ్డ తిరగలేదు.

"నీకు ఎరుకేనా?" అన్నది, మెల్లగ.

ఎరుకే. తలుపు దబ్బున పడ్డా కదలకుండ నిద్రపోయే పిల్లను చూసినంక ఏ తల్లికి ఎరుక కాదు? భయానికి ఎవ్వరితోని అనలేదు, అంతే. నా ఏడుపు ఆగలేదు. ఆమె ఆపనూ లేదు. "ఏడ్వు, జర సేపు ఏడ్వు. పొద్దున దవాఖానకు పోదాం" అని నా పక్కనే కూసున్నది.

అంగన్‌వాడీ పిల్లలను చూసే సర్కారు డాక్టర్లు కాగితం రాసిచ్చిండ్రు. వరంగల్‌ల పరీక్షలు చేసిండ్రు. హైదరాబాద్‌ల ఆపరేషన్ చేస్తరు, ఖర్చంతా సర్కారుదే అన్నరు. కాకపోతే చిన్నప్పుడే చేయాలె, ఆలస్యమైతే మాట అందదు, పథకం కూడా వర్తించదని చెప్పిండ్రు. మా ఆయన ఒప్పుకోలేదు. "తలకాయ కోస్తరట. పొల్లకేమన్న అయితే? మూగదైనా కండ్ల ముందరుంటది గదా" అన్నడు.

ఆయన డ్యూటీ దిగి వచ్చే యాళ్లకు టీచరక్క మా గడపల కూసోని ఉన్నది. కొట్లాడతదనుకున్న. కొట్లాడలేదు. "తమ్మీ, నీ భయం తప్పు కాదు. నాకు కూడ భయమే. వరంగల్‌ల ఒక సేవాసంస్థ ఉన్నదట, ఆపరేషనైన పిల్లలకు పైసలు తీసుకోకుండ మాటలు నేర్పుతరట. ఒక్కసారి పోయి చూద్దాం. చూసినంక వద్దనిపిస్తే నేను మల్ల నీ గడప తొక్కి అడగ."

పోయినం. గోడల నిండ రంగు బొమ్మలున్న చిన్న గది. అంజలి కన్న కొంచెం పెద్దపిల్ల ఒకతి, చెవి వెనకాల యంత్రంతోని, మా ఆయన దగ్గరికొచ్చి "అంకుల్, నీ పేరేంది?" అని అడిగింది. ఆయన కింద కూసోని ఆ పిల్ల చెవి వెనకాలి యంత్రాన్ని దగ్గర నుంచి చూసిండు. వాపసొచ్చేటప్పుడు పరకాల దాటిందాంక కిటికీల నుంచి బయటికే చూసిండు. తర్వాత టీచరక్క దిక్కు తిరిగి "చేపిద్దాం అక్కా" అన్నడు. ఆమె సంచిల నుంచి జామకాయ తీసి ఆయన చేతుల పెట్టింది.

ఆపరేషనైన కొన్ని వారాలకు యంత్రం ఆన్ చేసిండ్రు. బిడ్డ నవ్వుతదనుకున్నం. చప్పుడు చెవిల పడంగనే బెదిరి, వలవల ఏడ్చుకుంట నా చీరె పట్టుకున్నది. అసలు కష్టం అటెన్క మొదలైంది. ఆ సంస్థల మాటలు నేర్పే మేడం అడిగింది, "ఇంట్లో ఏ భాష మాట్లాడతరు? మొదట ఒక్కటే భాష గట్టిగ వినిపించాలె." మా ఆయన టక్కున "తెలుగే మేడం" అన్నడు. నేను తలొంచుకున్న. మా మాట మాట్లాడితే బస్సుల, కిరాణకొట్టుల జనం తిరిగి చూస్తరు. ఆ సిగ్గు మా ఇద్దరికీ ఉండె. వెనక కుర్చీల నుంచి టీచరక్క, "కాదు మేడం. వీళ్లది లంబాడ మాట. ఈ పిల్ల తన బిడ్డను జోకొట్టంగ నేను విన్న, ఎంత మంచిగుంటదో" అన్నది. మేడం నవ్వి, "అయితే అదే మాట్లాడమ్మా. నీకు మనసు నిండ వచ్చే మాటే బిడ్డకు కావాలె" అన్నది. చెల్పూర్‌ల కాలు పెట్టిన కానుంచి నేను గొంతెత్తి మా మాట మాట్లాడింది ఆ రోజే.

మా మాటలు కొన్ని టీచరక్కనే నా దగ్గర నేర్సుకున్నది. అవి పలుకుతుంటే మా ఆయన నవ్వాపుకోలేకపోయేటోడు. "నవ్వు తమ్మీ, నవ్వు. పొల్లకు సమజైతే సాలు" అనేది. మిగిలిన పిల్లలను ఇండ్లకు తోలినంక అంజలిని ఎదురుంగ కూసోపెట్టుకునేది. ఇంట్ల మా మాట, ఆమె దగ్గర తెలుగు, రెండూ నడుస్తయని మేడం తర్వాత అన్నది. చెంబు చూపించి చెంబు, నీళ్లు పోసి నీళ్లు. ఒక్కటే మాటను విసుక్కోకుండ అంటనే ఉండేది. నేను నిరాశ పడితే, "మాట కూడా తిండి అసొంటిదే. నిన్న పెట్టినం గదా అని ఇయ్యాల మానుతమా?" అనేది. జీతాల కోసం టీచర్లంతా భూపాలపల్లిల టెంటేసుకోని ధర్నాకు కూసున్నప్పుడు మమ్ముల అక్కడికే రమ్మన్నది. నినాదాల నడుమ, గొంతు బొంగురుపోయినా, వరుసగ విడిచిన చెప్పులు చూపించి బిడ్డతోని "చెప్పు" అనిపించింది.

మొదటి పిలుపు మాత్రం ఎవ్వరు అడగకుండనే వచ్చింది. నేను బట్టలు ఆరేస్తున్న. వెనక నుంచి "యాడీ" అన్నది. మా మాటల యాడి అంటే అమ్మ. తడిబట్ట భుజం మీద అట్లనే ఉండంగ బిడ్డను ఎత్తుకోని అంగన్‌వాడీ దాంక ఉరికిన. టీచరక్క పప్పు రుచి చూస్తున్నది. విని, గంటె కింద పెట్టి, కొంగుతోని మొఖం కప్పుకున్నది. కాసేపటికి కొంగు తీసి, "మరి నన్నెప్పుడు పిలుస్తవే దొంగా?" అన్నది.

మేం చెల్పూర్ విడిచి మహబూబాబాద్ వచ్చినంక ప్రతి ఆదివారం, మొఖం కనబడేటట్టు, వీడియో ఫోన్ చేసేది. నాతోని రెండు ముక్కలే. మిగతాదంతా అంజలితోని. ఏం కూర? ఉప్పు సరిపోయిందా? జడ ఎవరేసిండ్రు? పోయే ముందటి ఆదివారం కూడా ఇవే అడిగింది. గొప్ప మాట ఒక్కటన్న చెప్పి పోలేదు. ఇప్పుడు ఆ ఉప్పు ముచ్చట కోసమే నా పానం కొట్టుకుంటున్నది. ఆదివారం వస్తే ఫోన్ చేతుల పట్టుకోని తిరుగుతున్న.

ఆమె పోయిన రోజు మేం చెల్పూర్ చేరేటప్పటికి పాడె లేపుతున్నరు. ఎప్పుడో ఆమె దగ్గర చదువుకోని ఇప్పుడు పిల్లల తల్లులైనోళ్లు గల్లీ నిండ ఉన్నరు. డప్పులు మొదలైనై. అంజలికి డప్పు చప్పుడు పడదు. పెండ్లిళ్లల్ల బ్యాండు వినబడంగనే చెవి వెనకాలిది తీసి నా చేతుల పెడతది. అలవాటుగ నేను చెయ్యి చాపిన. బిడ్డ తీయలేదు. పరికరం ఊడిపోకుండ అరచేతితోని చెవికి ఒత్తిపట్టుకోని, పెదవి కొరుక్కుంట పాడె వెనకాల నడిచింది. గల్లీ చివరకొచ్చినంక ఆడోళ్లం ఆగినం. డప్పులు పత్తి చేన్ల అవతలికి పోయినై. కాసేపటికి నాకు ఏమీ వినబడలేదు. అంజలి మాత్రం చెవి మీద చెయ్యి తీయకుండ అటే చూసుకుంట నిలబడ్డది.