గట్టిగా చదివే వీధి

కొత్తవాడలో మా వీధికి సాయంత్రం కొత్తవాళ్లెవరైనా వస్తే ఏదో గొడవ జరుగుతోందనుకుంటారు. గొడవేం కాదు, పిల్లలు చదువుకుంటుంటారు. లోపల అమ్మ జంపఖానా నేస్తూ ఉంటుంది, గడప మీద పిల్ల పుస్తకం పట్టుకుని అరుస్తూ ఉంటుంది. మగ్గం చప్పుడు దాటి వినపడాలంటే అరవాల్సిందే. తల్లుల్లో చాలామందికి చదవడం రాదు. అందుకని వాళ్లకు ఒకటే గుర్తు: గొంతు వినిపిస్తే చదువుతున్నట్టు, ఆగితే ఆటకు పోయినట్టు. ఆగిందా, లోపల్నించి కేక వస్తుంది. నేనూ అలాగే అరిచి ఇంటర్ దాకా చదివాను. అక్కడ చదువు ఆగింది గానీ నోరు ఆగలేదని మా ఇంట్లో అంటారు.

ఇప్పుడు పగలు బట్టల షాపులో పని చేస్తాను, సాయంత్రం మా వసారాలో వీధి పిల్లలకు చదవడం నేర్పుతాను. వాళ్లలో మూడో తరగతి పిల్ల ఒకతి ఉంది. వీధి మొత్తానికి దాని గొంతే పెద్దది. వాళ్లమ్మకు అదంటే మహా గర్వం.

ఒకరోజు ఆ పిల్లకు తను ఎప్పుడూ చూడని కథల పుస్తకం ఇచ్చాను. మొదటి పేజీలో తాత బొమ్మ, చేతిలో గొడుగు. వేలు పెట్టి, ఎక్కడా తడబడకుండా మొదలుపెట్టింది. "తాత గొడుగు పట్టుకొని ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లెను. అక్కడ మిర్చి బస్తాలు చూచెను. అందరూ తాతను మెచ్చుకొనిరి."

పేజీలో మార్కెట్టూ లేదు, మిర్చీ లేదు. 'ఆకాశంలో మేఘాలు వచ్చాయి. తాత గొడుగు తెరిచాడు. గొడుగుకు చిల్లు ఉంది.' అంతే ఉంది. ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. అంటే ఇన్నాళ్లూ బడి పాఠాలన్నీ విని బట్టీ పట్టి అప్పజెప్పిందన్నమాట.

'చిల్లు' చూపించి, "మొదటి అక్షరం ఏంది?" అన్నాను.

"చి."

"తర్వాత?"

పేజీ వైపు కాదు, నా మొహం వైపు చూసింది. "ఆగితే అమ్మ తిడ్తదక్కా" అంది.

అప్పుడర్థమైంది. ఆ పిల్లకు అక్షరాలు వచ్చు. ఆగే అలవాటే లేదు. తెలియని మాట దగ్గర ఆగి, విడగొట్టి, ముందు మాటతో కలిపి చూసుకుంటేనే కదా చదవడం. ఆగితే తిట్లు పడతాయని ఆ ఖాళీలో తనే ఏదో ఒకటి అల్లేస్తోంది.

కాబట్టి ఆగడం నేర్పాను. మాట మీద వేలు అడ్డం పెట్టి, ఒక్కో అక్షరం తెరుస్తూ చదవమన్నాను. ఒత్తులు మర్చిపోతుంటే పెదాల మీద చెయ్యి పెట్టుకుని 'మబ్బు' అనమన్నాను. పెదాలు గట్టిగా నొక్కుకున్నాయంటే బ కింద ఇంకో బ ఉన్నట్టే. పుస్తకంలో మాటకు ఇంట్లో మాట వెతకమన్నాను. మేఘం అంటే మొగులు, ఆసుపత్రి అంటే దవాఖాన.

"మరి బుక్కుల దవాఖాన అనే రాయొచ్చు గదక్కా?" అని అడిగింది. నాకూ అదే అనుమానం.

కొన్నాళ్లకు వాళ్లమ్మ మగ్గం మీంచి లేచి నేరుగా మా మెట్ల దగ్గరికొచ్చింది. జుట్టునిండా నూలు పీచు.

"ఏం చెల్లె, నా బిడ్డకు ఏం నేర్పుతానవ్? నీ తాన చేరినంక దాని నోరు పడిపోయింది."

"చదువుతాందక్కా. ఆగి చదువుతాంది."

"ఆగి చదువుడేంది? అదేమన్న రైలా, కాజీపేటల ఆగుడుకు?"

పిల్లలందరూ కిసకిసా నవ్వారు. నా దగ్గర జవాబు రెడీగా ఉంది. ఎప్పటికైనా అడుగుతుందని ముందే ఆలోచించి పెట్టుకున్నాను. "పోగు తెగితే నువ్వు మగ్గం ఆపవా అక్కా? గిది గూడ గంతే" అన్నాను.

ఆమె మెత్తబడలేదు. "మగ్గం ఆగితే ఎందుకాగిందో నాకు కనవడ్తది. దీని నోరు ఆగితే నాకేం కనవడ్తది?"

నేను ఆలోచించి పెట్టుకున్నది ఆ ఒక్క జవాబే.

ఆమె గొంతు తగ్గించింది. "నేను గూడ బడికి పోయిన చెల్లె. ఎనక కూసొని సప్పుడు జెయ్యకుండ ఉందును. ఊకున్నోళ్లను ఎవ్వలు అడుగరు. ఏం రాదని ఎవ్వలకు తెల్వకముందే మా ఇంట్ల మాన్పిచ్చిండ్రు. నా బిడ్డ నాలెక్క గావద్దు. దసరా దాక చూస్త. తర్వాత గట్టిగ చదివిపిచ్చే ట్యూషన్‌ల ఏస్త."

మర్నాడు షాపులో చీరలు మడతపెడుతున్నంతసేపూ 'నాకేం కనవడ్తది' అన్న ఆమె మాటే మెదిలింది. ఆమె అడిగింది న్యాయమే. ఆ తల్లికి చదువు కనపడదు, వినపడాలి. సాయంత్రం వాళ్లింటికే పోయి, "ఓ పని చెయ్ అక్కా. మెల్లగనే చదవనీ. పేజీ అయినంక అండ్ల ఏమున్నదో నీకు చెప్తది. అప్పుడు నీకే ఎరుకైతది" అన్నాను.

"దీని సంగతి నీకు తెల్వది. ఉన్నయి లేనియి అల్లుతది."

"రేపు మళ్ల గదే పేజీ అడుగు. అల్లిందైతే మారుతది, చదివిందైతే మారది. జర ఓపిక పట్టు."

ఆమె మగ్గం వైపు తిరిగింది.

దసరా దగ్గర పడింది. ఆమె ఏం అనుకుందో తెలీక, అడుగుదామని ఒక సాయంత్రం వెళ్లాను. పిల్ల గడప మీద కూర్చుని గొడుగు తాత పుస్తకం మీదికి వంగింది. పెదాలు కదిలి, ఒకచోట ఆగిపోయాయి. లోపల మగ్గం కూడా ఆగింది. ఇక కేక వస్తుందని వాకిట్లోనే నిలబడ్డాను. రాలేదు.

"అమ్మా" అంది పిల్ల, తల ఎత్తి. "మొగులైంది. తాత గొడుగు తెరిచిండు. గొడుగుకు చిల్లున్నది."

"నిన్న గూడ గిదే చెప్పినవ్."

"నిన్న గూడ గిదే ఉండె."

లోపల్నించి ప్రశ్న వచ్చింది. "మరి చిల్లున్న గొడుగు ఎందుకు పట్టుకొచ్చిండు, పాగల్ ముసలోడు?"

"తెల్వదమ్మా. తర్వాత పేజీల ఉంటదేమో. ఆగు, చూస్త."

"చూడు. తొందరేం లేదు."

పిల్ల పేజీ తిప్పి, వేలు అడ్డం పెట్టుకుని మళ్లీ వంగింది. వీధిలో మిగతా ఇళ్ల నుంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఈ ఇంట్లో మగ్గం ఇంకా మొదలు కాలేదు. అడగాలనుకున్నది అడగకుండానే వచ్చేశాను.