తాలీంలో రాణీగారి శోకం

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు కానీ, మా కాలంలో ఎండాకాలం సెలవులు వచ్చాయంటే తార్నాకలో సగంమంది మామిడిపళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు, మిగతా సగంమంది ఈ ఏడు మాస్టారు నాటకాలు ఎక్కడ వేయిస్తారో అని బెంగపడేవాళ్ళు. ఆయన యూనివర్సిటీలో సంస్కృతం చెప్పేవారు. గోదావరి వైపు మనిషి. ప్రతి వేసవిలోనూ పద్యనాటకాల ఉత్సవం జరిపించేవారు. క్యాంపస్‌లో చక్కటి హాలు ఉన్నా దాని గడప తొక్కేవారు కాదు. "ఫ్యాన్ల కింద పద్యం పాడితే ముక్కలు ముక్కలైపోతుందమ్మా, ఆరుబయటే అది నిలబడుతుంది" అనేవారు. ఆ ప్రకారం ఒక ఏడు నీళ్ళు లేని ఈతకొలనులో వేయించారు. జనం గట్టు చుట్టూ కాళ్ళు వేలాడేసుకు కూర్చుని చూశారు. మరో ఏడు సీతాఫల్‌మండి స్టేషన్ పక్కన గూడ్సు షెడ్డు ముందు. రాజుగారు గంభీరంగా "ఎవరక్కడ?" అనగానే ఇంజను కూసింది. (ఆ ఒక్క సన్నివేశానికే చప్పట్లు పడ్డాయని మాస్టారికి చాలాకాలం మనసు కష్టంగా ఉండేది.)

నేను ఎం.ఏ. మొదటి ఏడు చదువుతున్న వేసవిలో ఆయన, ఇకనుంచి ఆడవేషాలు ఆడపిల్లలకే ఇవ్వాలని తీర్మానించారు. అంతవరకూ రాణి వేషాలన్నీ యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే ఒక గుమాస్తాగారివి. ఆయన్ని మేము మీసాల బాబాయి అనేవాళ్ళం. ఏడాదంతా మీసం పెంచి, ఎండాకాలం రాగానే కళ కోసం తీసేసేవాడు పాపం. రాణి వేషం నాకొచ్చిందని ఇంట్లో చెప్పాను. మాది కర్నూలు వైపు. నాన్న యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం చేసేవాడు. ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా, "ఈ నాటకాలూ గీటకాలూ మనకెందుకుమే?" అన్నాడు. అమ్మ రెండు రోజులు ఆయనకిష్టమైన కూరలు వండిన తర్వాత, "సరే, ఏస్తే మర్యాదగా ఎయ్. నలుగురిలో నవ్వులపాలైనావంటే మాత్రం ఇంగ చదువు మాన్పిచ్చి పెండ్లి జేచ్చా" అని ఒప్పుకున్నాడు. అంటే నా చదువంతా ఆ నాటకం మీదకు వచ్చి కూర్చుందన్నమాట.

నాటకం మాస్టారే రాశారు. రాకుమారుడు మల్లయుద్ధంలో చనిపోతాడు. ఆ వార్త విని రాణి నాలుగు పద్యాల్లో శోకించి మూర్ఛపోతుంది. పద్యాలు నాకు రెండో రోజుకే నోటికి వచ్చేశాయి. రానిది ఏడుపు. లైబ్రరీ వెనక బండరాళ్ళ దగ్గర రిహార్సల్ చేస్తుంటే మాస్టారు నెత్తిన చేతులు పెట్టుకునేవారు. "కొడుకుని తలుచుకుని ఏడవమంటే క్లాసులో హాజరు పిలుస్తున్నావేమిటమ్మా!" నాకు పంతొమ్మిదేళ్ళు. ఎవరూ పోయి ఎరగను. ఏడవమంటే ఎక్కడినుంచి తెచ్చేది?

మల్లయుద్ధం ఉంది కాబట్టి ఈసారి నాటకం తాలీంలోనే వేయాలన్నారు మాస్టారు. తాలీం అంటే కుస్తీలు నేర్పే చోటు. తార్నాక నుంచి మెట్టుగూడ వెళ్ళే దారిలో ఒక సందులో ఉండేది. పైకప్పు లేదు, మధ్యలో మెత్తటి ఎర్రమట్టి గుంట, గోడకు ఆంజనేయస్వామి పటం, పక్కనే ఉస్తాద్ ఇల్లు. ఉస్తాద్ తలుపంత మనిషి, గొంతు మాత్రం మెత్తన. మా అందరినీ చూసి, చివర నన్ను చూసి, ఇబ్బందిగా నిలబడ్డాడు.

"జాగ ఇస్తనన్న సార్, ఇస్త. గానీ గీ మట్టిల ఆడోళ్ళు అడుగు పెట్టరు. స్వామి ఉన్నడు గీడ."

"రాణి లేకుండా నాటకం ఎలాగండీ?" అన్నారు మాస్టారు.

"ఎప్పుడు ఏసే ఆయన ఉన్నడు గద?"

అందరం మీసాల బాబాయి వైపు తిరిగాం. ఆయన గబుక్కున మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈసారి నావల్ల కాదు మాస్టారూ. అమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం. వియ్యాలవారు ఈ మీసంతో నన్ను చూసి వెళ్ళారు. ఇది లేకుండా ఎదురెళితే ఎవరనుకుంటారు?"

మాస్టారు ఆలోచనలో పడ్డారు. రాణిని తీసేసి కథ నడపవచ్చునేమో అని గొణిగారు. అంతే, నాకు కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. మాస్టారు అది చూసి ఒక్క ఎగురు ఎగిరి, "ఇదీ! ఇదమ్మా కావలసింది! గుర్తుపెట్టుకో!" అన్నారు.

అప్పుడు పైనుంచి ఒక గొంతు వినిపించింది. "ఓ పిల్లా, గా ఏడ్సుడేంది? మిద్దె మీదికి రా. మట్టి స్వామిది గావచ్చు, మిద్దె నాది." తలెత్తి చూస్తే పిట్టగోడ మీద నుంచి ఒక ముసలావిడ. ఉస్తాద్ తల్లి. అందరూ అవ్వ అంటారు. ఉస్తాద్ పటానికి ఒక దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

అలా రాణి మిద్దె మీదా, రాజు కింద మట్టిలోనూ ఉండేట్టు ఖాయమైంది. తీరా పైకెక్కితే మిద్దె నిండా పాత చీరల మీద వడియాలు. అవ్వ తియ్యనంది. "ఎండలు పోతే మళ్ళ వస్తయా? గీ అంచుల నిలవడి పాడుకో. తొక్కినవంటె రాణి లేదు గీణి లేదు." మాస్టారు స్వయంగా వచ్చి చూసి, రాణి పడమటి వైపుకే మూర్ఛపోవాలనీ, తూర్పున సగ్గుబియ్యం వడియాలున్నాయనీ నిర్ణయించారు. (నాట్యశాస్త్రం చదివిన మనిషి అంత శ్రద్ధగా వడియాలు చూడటం నేను మళ్ళీ ఎరగను.)

ఆ సాయంత్రం జనం బాగా వచ్చారు. ప్రొఫెసర్లు, హాస్టలు కుర్రాళ్ళు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వాళ్ళు, తాలీం పిల్లల చుట్టాలు. ముందు వరసలో చేతులు కట్టుకుని మా నాన్న. కుస్తీ మొదలైంది. రాకుమారుడి వేషం వేసింది తాలీం కుర్రాడే, ఎదుటివాడికన్నా బలవంతుడు. ఓడిపోవడానికి మనసొప్పక చాలాసేపు సాగదీశాడు. చివరికి మాస్టారు పటం పక్క నుంచి "చావు నాయనా!" అంటే పడ్డాడు. మీసాల బాబాయి దూతగా వచ్చి తల పైకెత్తి నాకు వార్త చెప్పాడు. జనమంతా తలలెత్తారు. నేను మొదటి పద్యం ఎత్తుకున్నాను. గొంతు బాగానే ఉంది కానీ, హాజరు పిలుస్తున్నట్టే ఉందని నాకే తెలుస్తోంది.

రెండో పద్యంలో ఒక కాకి వచ్చి వడియాల మీద వాలింది. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. హాస్టలు కుర్రాళ్ళ వైపు నుంచి "హుష్" అన్నారెవరో. నవ్వు మొదలైంది. ఒకరి నుంచి ఒకరికి పాకి మొత్తం తాలీం నవ్వుతోంది. నాన్న తల దించుకున్నాడు. అది చూడగానే నాకు మూడో పద్యం పోయింది. ఒక్క అక్షరం లేదు. ఎర్రటి ఎండలో అన్నాళ్ళు వల్లెవేసినదంతా ఎక్కడికి పోయిందో, నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

అవ్వ కర్ర పట్టుకుని మిద్దె మీదికి వచ్చింది. కాకిని తోలడానికే అనుకున్నాను. కానీ కర్ర పక్కన పడేసి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, నా తల తన భుజానికి ఆనించుకుంది. కిరీటం గుచ్చుకుంటుందేమో అని కూడా చూసుకోలేదు. "ఏడ్వు బిడ్డా. పాటలెందుకు, ఏడ్వు" అంది. నాతోనో తనతోనో, "నా పెద్దోడు గట్లనే గా మట్టిల పెరిగిండు. కామెర్లొచ్చి పోయిండు. ఇంత పొడుగు పిల్లగాడు. నలుగురికి పాడె మోయ రాకపాయె" అంది.

నవ్వు ఆగిపోయింది. ఆవిడ చీర పసుపు, మజ్జిగ కలిసిన వాసన వేస్తోంది. ఆవిడ చెయ్యి నా వీపు మీద ఆగకుండా నిమురుతోంది. అప్పుడు ఏడ్చాను, రాగం లేకుండా, ముక్కు కారుతూ, వెక్కిళ్ళు పెట్టి. కింద ఉస్తాద్ భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చచ్చిపడి ఉన్న రాకుమారుడు చెయ్యెత్తి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ జాగ్రత్తగా చచ్చిపోయాడు. దానికీ ఎవరూ నవ్వలేదు. మాస్టారు పద్యం అందించలేదు. మంగళం పాడకుండానే జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

ఇంటికి బయలుదేరాం, నాన్న నాలుగడుగులు ముందు, నేను వెనక. చివరికి, "పాపం, ఆ ముసలామెకు నాటకమని తెలీలేదు మే. రేపు పోయి చెప్పు" అన్నాడు. చదువు మాట, పెళ్ళి మాట ఎత్తలేదు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మర్నాడు వెళ్ళాను. అవ్వ మిద్దె మీద పని చేసుకుంటోంది. నసుగుతూ, అది నాటకమనీ, నాకు కొడుకులెవరూ లేరనీ చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నాటకమని నాకెరుక లేదా? ఇన్ని దినాల సంది మీ లొల్లి వింటనే ఉన్న. గంత దుక్కం వచ్చినదాన్ని ఒక్కదాన్ని ఈడ నిలవెట్టి, మొగోళ్ళంత కిందికెల్లి చూసుడేంది? ఏడ్చేదాని కాడ ఒకళ్ళు కూసోవాలె. మీ సారుకు చెప్పు."

చెప్పాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మంచి మాటేనమ్మా. కానీ రంగస్థలం మీద శోకానికి ఏకాంతం ఉండాలి. పద్ధతి అది" అన్నారు.

తర్వాతి వేసవిలో మరో నాటకం లైబ్రరీ వెనక బండరాళ్ళ మీదే పెట్టారు. రాణి ఇంకొక అమ్మాయి. నాకు చెలికత్తె వేషం, విసనకర్ర పట్టుకుని దూరంగా నిలబడటం. రాణికి భర్త మరణవార్త వచ్చింది. ఆ పిల్ల పద్యం ఎత్తుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. రాయి చాటు నుంచి మాస్టారు, "లే! లేచి నిలబడు!" అని పద్యం కన్నా గట్టిగా గుసగుసలాడారు. లేవలేదు. రాణి పెదాలు కదపకుండా, "కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగింది. నేను ఆమె తల నా భుజానికి ఆనించుకున్నాను. ఆమె కాదనలేదు, అలాగని పద్యమూ వదల్లేదు. మొత్తం నా చెవిలో పాడింది.

మరుసటి ఏటి నుంచి నాకు కుర్చీలు వేయించే పని ఇచ్చారు. మాస్టారికి నామీద కోపమేమీ లేదు, వేషం మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, గురువు లెమ్మంటున్నా లేవకుండా వేడి బండ మీద కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ తర్వాత ఎన్నో చోట్ల, ఏడ్చేవాళ్ళ పక్కనుంచి లెమ్మన్న ప్రతిసారీ లేచాను.