భివండి ఉత్తరాల రెండో వైపు

మా చిన్నప్పుడు మియాపూర్ కిరాయి ఇంట్లో తలుపు వెనక ఒక ఇనుప కమ్మి వేలాడేది... వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివి దానికి గుచ్చేవాళ్లం. ఎక్కువ నీలం ఇన్‌లాండ్ కవర్లే. మహారాష్ట్రలోని భివండికి మగ్గాల పనికి పోయిన మల్లేశం తాత, అంటే మా నాయనమ్మ తమ్ముడు, రాసినవి.

నాయనమ్మకు చదువు రాదు. నేను కూడబలుక్కుంటూ చదివితే వినేది. "అక్కా, నువ్వు పంపిన తొక్కు అందింది" అన్నచోట ప్రతిసారీ నవ్వేది...

తర్వాత ఫోన్లు వచ్చి ఉత్తరాలు ఆగిపోయాయి. తాత నంబరు మారాక మనిషి జాడే లేకుండా పోయింది.

మొన్న నాయనమ్మ అడిగింది. "మల్లేశం ఉన్నడో లేడో... ఆని పిల్లలన్న యాడున్నరో జర చూడు బిడ్డా."

ఇన్‌లాండ్ కవరు వెనక పంపినవాళ్ల అడ్రసు ఉంటుంది కదా! నల్లగండ్లకు పోయాను, పెదనాన్న కొడుకు శ్రీనన్న ఫ్లాటుకు. ఇల్లు మారినప్పుడు ఆ కమ్మిని అన్నే తీసుకుపోయాడు.

"అవా? పాత పేపర్లోనికి ఏసిన. ఫికర్ చెయ్యకు, అన్ని ఫొటోలు తీసి క్లౌడ్‌ల పెట్టిన."

చూశాను. అన్నీ లోపలి వైపే. పైన "భివండి, సోమవారం" అని ఉంది. ఏ ఏడాది సోమవారం?

"బయటి దిక్కు ఏది అన్నా?"

"దాని మీద ఏముంటదిరా... అడ్రస్సే కదా!"

ఒళ్లు మండిపోయింది. రాజుల వంశాలు రాయడానికి ఆస్థానాలు ఉండేవి. మగ్గం నేసినవాడి వంశానికి ఆ కమ్మి ఒక్కటే దఫ్తరం! ఆఫీసులో పనికిరాని ఫైలుకు కూడా రెండు కాపీలు దాచేవాడు, సొంత రక్తం చిరునామాను తూకానికి వేశాడు... అక్కడే అరిచేశాను.

"పైగా ప్రతి కాగితానికి ఓ మూల ఈ కంత ఏంది? ఎలుకలు కొడుతుంటే చూసుకుంట కూసున్నవా?"

"ఎలుకలు స్కేలు పెట్టి కొరుకుతయారా? కరపత్రాలు చదివి చదివి అన్నిటికి లొల్లి పెడ్తున్నవ్."

ఆ మాటతోనే ఇంటికొచ్చాను. ఫొటోలు మళ్లీ చూస్తే కంతలు నిజంగానే చదరంగా ఉన్నాయి...

అనుమానంతో అటక మీది పెట్టె వెతికితే నా మూడో తరగతి స్టాంపుల పుస్తకం దొరికింది. పేజీ నిండా ఆ కవర్ల మీది స్టాంపు బొమ్మల నీలం ముక్కలు. బ్లేడుతో నేను కోసి, అన్నం మెతుకులతో అంటించినవి. బడిలో దానికి నాకు మొదటి బహుమతి కూడా ఇచ్చారు.

ప్రతి ముక్క మీదా పోస్టాఫీసు ముద్రలో సగమే ఉంది. పేట పేరు, సంవత్సరం, రెండూ సగంలోనే తెగిపోయాయి. మిగతా సగం కవరుతోపాటే పోయింది.

నాయనమ్మ ఆ ముక్కల మీద వేలు పెట్టి తడిమింది. "గీడ నా తమ్ముని ఊరున్నదా?"

"సగం ఉంది నాయనమ్మా."

"ఇంకో సగం ఎవలు కోసిండ్రు?"

శ్రీనన్న మీద అంత అరిచిన నేను... పుస్తకం మూసేశాను.

ఇప్పుడు మా ఇళ్లలో గుచ్చడానికి ఉత్తరమూ లేదు, కమ్మీ లేదు. మీ ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే దయచేసి కవర్లను తిప్పి కూడా చూడండి... వెనక ఎవరి పేరుందో, ఏ ఊరుందో ఇక్కడ రాయండి. భివండి అని ఉంటే మాత్రం వెంటనే చెప్పండి. నాయనమ్మ రోజూ అడుగుతోంది.